మాజులీలో మాకు పని చెప్పినవారికి కృతజ్ఞతలు

మాజులీ నుంచి బయల్దేరేటప్పుడు మేము చెప్పాల్సింది చాలా ఉంది. అమ్మకు హిందీ రాదు, నాకు వచ్చింది అంతంతమాత్రం. రేవులో దండాలు పెట్టి పడవెక్కేశాం. అందుకే మనసులో ఉన్నదంతా తెలుగులో రాస్తున్నాను. మాకు ఆశ్రయమిచ్చిన ఇంటి అబ్బాయి గువాహటిలో చదువుకుంటున్నాడు. అతని గదిలో ఇద్దరు తెలుగు కుర్రాళ్లు ఉన్నారట. వాళ్ల చేత ఇది చదివించుకుని, ఇంట్లో అస్సామీలో వినిపిస్తానని మాటిచ్చాడు.

మాజులీ సంగతి తెలియనివారికి రెండు ముక్కలు. అది అస్సాంలో బ్రహ్మపుత్ర నడుమ ఉన్న ద్వీపం, 2016 నుంచి జిల్లా కూడా. జోర్హాట్ దగ్గర నిమాతి ఘాట్‌లో ఫెర్రీ ఎక్కి వెళ్లాలి. పైకప్పు మీద మోటారు సైకిళ్లు, లోపల జనం, కాళ్ల సందుల్లో కూరగాయల బుట్టలు. శంకరదేవుడు (1449–1568) నెలకొల్పిన వైష్ణవ సంప్రదాయానికి ఆ ద్వీపం పెద్ద దిక్కు. ఆ సంప్రదాయపు మఠాలను సత్రాలంటారు. కార్తీక పున్నమికి అక్కడ రాస ఉత్సవం జరుగుతుంది. కృష్ణలీలలను రాత్రంతా ఆడతారు.

మేము అనుకున్నది చిన్న ప్రయాణమే. కారు మాట్లాడుకుని నాలుగు సత్రాలు చూసి వెనక్కి రావాలనుకున్నాం. బస ఇచ్చిన బాయిదేవ్ (అక్కడ అక్కను అలా పిలుస్తారు) ఆ ఆలోచన విని మొహం చిట్లించారు. "సత్రాలు లెక్కపెట్టుకోవడానికి ఇంత దూరం వచ్చారా?" అని, మర్నాడు పొద్దున్నే మమ్మల్ని సామగురి సత్రం వైపు తీసుకెళ్లి తన బాబాయి ఇంట్లో కూర్చోబెట్టారు. ఆయన నాటకాలకు ముఖాలు చేస్తారు. మనం మాస్కు అనే దాన్ని వాళ్లు ముఖా అంటారు. ఊళ్లో అందరికీ ఆయన ఖురాయే (అంటే బాబాయే), కాబట్టి మాకూ ఖురాయే.

ఖురాకు అప్పుడు ఊపిరి సలపని పని. రాస దగ్గరపడుతోంది, పూతన ముఖా ఇంకా తడి ఆరలేదు. అలాంటి సమయంలో ఊరుగాని ఊరినుంచి ఊడిపడినవాళ్లకు చాయ్ ఇచ్చి, రెండు ఫోటోలు తీసుకోనిచ్చి పంపేస్తే ఎవరూ తప్పుపట్టరు. ఆయన మమ్మల్ని ఓసారి ఎగాదిగా చూసి, నా చేతికి కత్తి, అమ్మ చేతికి పాత నూలు గుడ్డ ఇచ్చారు.

వెదురును సన్నని బద్దలుగా చీల్చి, నీళ్లలో నానబెట్టి, తలకు సరిపడే చట్రం అల్లుతారు. దాని మీద బంకమట్టిలో ముంచిన గుడ్డ పీలికలు పరుస్తారు. అది ఆరాక మట్టీ పేడా కలిపిన ముద్దతో ముక్కు, బుగ్గలు, కనుబొమలు తీరుస్తారు. ఎండబెట్టి, వెదురు పనిముట్టుతో నున్నగా రుద్ది, ఆ తర్వాతే రంగులు. మొహానికి మాత్రమే పెట్టుకునేవి, కదిలే భాగాలున్నవి, మనిషినంతా కప్పేసేవి అని రకాలున్నాయి. నా పని బద్దల అంచులు నునుపు చేయడం. నేను అటు తిరిగినప్పుడు ఖురా వాటిని మళ్లీ ఓసారి సవరించుకునేవారని నాకు తెలుసు. ఆ మర్యాదకు వేరే దండం.

అమ్మ సంగతి వేరు. సంక్రాంతికి గొబ్బెమ్మలు పెట్టిన చేతులు కదా, పేడముద్ద చూసి జంకలేదు సరికదా, వేళ్లతో నొక్కి చూసి "ఇంకాస్త నీళ్లు చల్లాలి నాయనా" అంది, అచ్చ తెలుగులో. ఖురా ఆగి, ముద్దను తనూ నొక్కి చూసి, నీళ్లు చల్లారు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో పేడ కలపడం అమ్మ పని. పొద్దున్న మేము రావడం ఆలస్యమైతే పిల్లవాడిని పంపి పిలిపించేవారు.

చూడ్డానికి వచ్చినవాళ్లకు పని చెప్పడం ఎంత పెద్ద మనసో నాకు అక్కడే తెలిసింది. పని చెడుతుంది, సమయం పోతుంది, పైగా నేర్పాలి. పని చేసే చోట మాటలు కూడా వేరేగా వస్తాయి. గట్టు మీదికి తీసుకెళ్లి, నీళ్ల మధ్య ఒక చోటు చూపించి, తాను చిన్నప్పుడు చదివిన బడి అక్కడుండేదని ఖురా చెప్పారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఉన్న నేలలో సగం కూడా ఇప్పుడు మాజులీకి మిగల్లేదు, సత్రాలే ఎన్నో చోటు మార్చుకున్నాయి. టిక్కెట్టు కొని చూసే మనిషికి ఈ మాట ఎవరు చెబుతారు?

రాస వరకూ ఉండిపోవాలనుకున్నాం. గదులన్నీ ఎప్పుడో నిండిపోయాయి. బాయిదేవ్ తన పిల్లల గది ఖాళీ చేయించి మాకిచ్చారు. దానికి డబ్బు తీసుకోలేదు. అమ్మ బీపీ మాత్రలు అయిపోతే, ఫెర్రీలో పనిచేసే తమ్ముడు ఖాళీ అట్ట ఫోటో చూసి జోర్హాట్ నుంచి తెచ్చిపెట్టాడు. పేరు అడిగితే నవ్వి వెళ్లిపోయాడు. తన చాంగ్‌ఘర్ (గుంజల మీద ఎత్తుగా కట్టిన ఇల్లు) కింద మగ్గం ముందు నన్ను కూర్చోబెట్టుకున్న మిసింగ్ తెగ అక్కకూ, పూటపూటా తామూల్ అనే వక్క పెట్టిన ఆయితాకూ (అంటే అమ్మమ్మకూ) నమస్కారాలు. (ఆ పచ్చి వక్క మన కిళ్లీ అనుకుని నమిలితే చెవులు వేడెక్కి చెమటలు పడతాయి. నాకు నచ్చలేదు, అయినా రోజూ తిన్నాను.)

కార్తీక పున్నమి నాడు అమ్మ మూడువందల అరవై అయిదు వత్తులు వెలిగించాలని పట్టుబట్టింది. బాయిదేవ్ తులసి దగ్గర అలికి చోటిచ్చి, ఇరుగుపొరుగు ఆడవాళ్లను పిలిచారు. అందరూ కలిసి వత్తులు చేశారు. అక్కడి నుంచి నేరుగా రాసకు వెళ్లాం. ఖోల్ అనే మద్దెల మోగి, గాయన్ బాయన్ (పాటగాళ్లూ వాద్యగాళ్లూ చేసే ఆరంభ ప్రదర్శన) ముగిసి, పూతన అరుగు మీదికి వచ్చేసరికి పక్కనున్న పిల్లలు జడుసుకుని తల్లుల వెనక్కి చేరారు. అమ్మ మాత్రం లేచి నిలబడి "ఆ గడ్డం కింద గుడ్డ నేనే అంటించాను" అని చుట్టుపక్కలవాళ్లందరికీ చెప్పింది. తెలుగు ఎవరికి అర్థమైంది? అయినా నవ్వి, కూర్చోబెట్టి, భుజాల మీద ఎరి పట్టు శాలువా కప్పారు. ఆ శాలువా ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. ఎవరిదో తెలిస్తే చెప్పండి బాయిదేవ్, పంపిస్తాను.

ఖురా, మీరిచ్చిన చిన్న హనుమంతుడి ముఖా రెండు రైళ్లు మారి క్షేమంగా చేరింది. ముక్కు చివర మాత్రం గోరంత రంగు లేచింది. అమ్మ దాని మీద పసుపు రాస్తానంటోంది, నేను ఆపుతున్నాను. ఏ రంగు వేయాలో, ముందు మట్టి పూయాలో అక్కర్లేదో అబ్బాయితో చెప్పి పంపండి.