రాత్రి లెన్సులు: మా పాపకు సరే, నాకు కాదు

సంపాదకులకు నమస్కారం.

రాత్రి పెట్టుకుని పడుకుంటే పగలు కళ్ళద్దాల అవసరం లేకుండా చేసే లెన్సుల గురించి ఈమధ్య నన్ను చాలామంది తల్లిదండ్రులు అడుగుతున్నారు. నేను స్టాఫ్ నర్సుని. మా పాప ఆ లెన్సులే వాడుతోంది. నాకూ ఇవ్వమంటే డాక్టరు గారు కుదరదన్నారు. ఆ తేడా ఎందుకో చెబితే కొందరికైనా పనికొస్తుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

వీటిని ఆర్థో-కె లెన్సులంటారు. ఆక్సిజన్‌ను లోపలికి పోనిచ్చే గట్టి లెన్సులివి. మనం నిద్రపోతున్నంతసేపూ కార్నియా (కంటి ముందుండే పారదర్శకమైన పొర) మధ్యభాగాన్ని కాస్త చదును చేస్తాయి. ఆ మార్పు వెంట్రుక మందం కంటే తక్కువే, కానీ పొద్దున లెన్సు తీశాక దూరపు చూపు తేటగా ఉండడానికి సరిపోతుంది. పూర్తి ఫలితం కనిపించడానికి వారం, రెండు వారాలు పట్టవచ్చు. వాడడం మానేస్తే కార్నియా మళ్ళీ మామూలుగా అయిపోతుంది, దూరం మసకగా కనిపించే సైటూ తిరిగొస్తుంది. సైట్ శాశ్వతంగా పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

మా పాపకు ఎనిమిదేళ్ళప్పుడు మైనస్ 1.5 ఉండేది, పదేళ్ళకు మైనస్ 3 అయింది. నాది మైనస్ 8. చిన్నప్పుడు నాకూ ఇలాగే ఏటా పెరిగింది. సైట్ అంత పెరిగిందంటే కనుగుడ్డు పొడవుగా సాగిందని అర్థం. దాంతో రెటీనా (కంటి వెనక ఉండే తెర) ఊడే ప్రమాదం, కంటి నరం దెబ్బతినే గ్లాకోమా ప్రమాదం ఎక్కువవుతాయి. చుక్కలు వేయించుకుని రెటీనా పరీక్షకు కూర్చున్న ప్రతిసారీ నాకు టెన్షనే. పాపకు ఆ అవస్థ రాకూడదనే లెన్సులకు ఒప్పుకున్నాను, అద్దాలు లేకుండా అందంగా కనబడాలని కాదు. 6 నుంచి 10 ఏళ్ళ పిల్లలతో హాంకాంగ్‌లో రెండేళ్ళు చేసిన అధ్యయనం 2012లో వచ్చింది. మామూలు అద్దాలు పెట్టుకున్నవాళ్ళ కంటే ఈ లెన్సులు వాడినవాళ్ళలో కనుగుడ్డు సాగడం 43 శాతం తక్కువగా ఉందని తేలింది. పూర్తిగా ఆగలేదు, నెమ్మదించింది. నాకు అదే చాలు.

ఇక నా సంగతి. మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2002లో రాత్రి వాడకానికి అనుమతించిన లెన్సు మైనస్ 6 దాకానే. నా పవర్ అది దాటిపోయింది. పైగా నావి నైట్ డ్యూటీలు. ఈ లెన్సులకు ఏడెనిమిది గంటల నిద్ర కావాలి. కళ్ళు పొడిబారే సమస్య కూడా ఉంది. కార్నియా శంకువులా ముందుకు పొడుచుకొచ్చే జబ్బున్నవాళ్ళకూ, తరచూ కంటి ఇన్ఫెక్షన్లు వచ్చేవాళ్ళకూ ఇవి పనికిరావు.

ఈత కొట్టే పిల్లలకు, ఆటల్లో ఉన్నవాళ్ళకు, దుమ్ములో పనిచేస్తూ పగలు లెన్సు పెట్టుకోలేనివాళ్ళకు, లేసిక్ (లేజర్‌తో సైట్ సరిచేసే ఆపరేషన్) వయసు రానివాళ్ళకు బాగా ఉపయోగం. చూపు నిబంధనలున్న ఉద్యోగాలకు వెళ్ళదలచినవాళ్ళు మాత్రం ఆ నిబంధనలు ముందే చదువుకోవాలి.

అయితే పవర్ సరిపోయినంత మాత్రాన సరిపోదు, రోజూ శుభ్రం చేసే మనిషి ఇంట్లో ఉండాలి. నన్ను అడిగేవాళ్ళలో దీని గురించి అడిగేవాళ్ళు తక్కువ. కుళాయి నీళ్ళు లెన్సుకీ, దాని డబ్బాకీ తగలకూడదు. ఫిల్టర్ నీళ్ళయినా అంతే. నీళ్ళలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి కార్నియాకు పట్టిందంటే నయం చేయడం చాలా కష్టం. సబ్బుతో చేతులు కడుక్కుని, పూర్తిగా తుడుచుకున్నాకే లెన్సు ముట్టుకోవాలి. లెన్సు నానబెట్టే పాత సొల్యూషన్‌లోనే కొత్తది కలపకూడదు. పొద్దున లెన్సు కంటికి అంటుకుపోయి ఉంటే లాగేయకుండా కంటిని తడిపే చుక్కలు వేసి, అది కదిలేదాకా కళ్ళు ఆర్పమనాలి. నేను డ్యూటీలో ఉన్న రాత్రులు ఇదంతా వాళ్ళ నాన్న చూసుకుంటారు. ఆయన నేర్చుకున్నాకే మేం మొదలుపెట్టాం. పాపకు జ్వరమొచ్చినా, కన్ను కాస్త ఎర్రగా ఉన్నా ఆ రాత్రి లెన్సు పెట్టం. అందుకోసం కళ్ళద్దాలు ఎప్పుడూ సిద్ధంగా ఉంచుతాం.

అమెరికాలో 2013లో ప్రచురించిన ఒక అంచనా ప్రకారం, ఈ లెన్సులు వాడే పిల్లల్లో ఏడాదికి పదివేల మందికి సుమారు 14 మందికి కార్నియా ఇన్ఫెక్షన్ వచ్చింది. తక్కువే కావచ్చు, కానీ ఆ పద్నాలుగు మందిలో మన బిడ్డ ఉండకూడదు కదా. కార్నియా ఆకారాన్ని కొలిచే టోపోగ్రఫీ పరీక్ష చేయకుండా లెన్సులిస్తామంటే తీసుకోకండి. మొదటి రాత్రి గడిచాక పొద్దున్నే చూపించుకోవడం మానకండి.

మీ ఆరోగ్య పేజీలో ఈ లెన్సుల గురించి రాసినప్పుడు ఒక్క మాట పెద్ద అక్షరాల్లో వేయమని మనవి: కన్ను ఎర్రబడి నొప్పి పెట్టినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా వెంటనే లెన్సు తీసేసి అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఇట్లు,
ఒక తల్లి, స్టాఫ్ నర్సు