ఊగాలిరా, ఊగాలి!

అమలాపురం

ఒరే సూరీ,

ఆలస్యానికి తిట్టుకో, పడతాను. అందరం కులాసా, అమ్మ మోకాలు నయం, కోతలు సగమయ్యాయి. మిగతావి తర్వాత. ముందు నీ ఫోటో సంగతి తేలాలి.

పిట్టలు తింటాయని వరికంకులతో అల్లే వరికుచ్చుని బాల్కనీ గ్రిల్లుకి బిగించి కట్టి, పిచ్చుకలు రావట్లేదు, అంతా పావురాలే మేస్తున్నాయంటావా? పావురాలకి పీట వేసి వడ్డించావు కదరా! కుచ్చు ఊగాలి. ఊగే కంకిని గోళ్లతో పట్టుకుని తలకిందులుగా తినడం పిచ్చుకకీ, జీనువాయి అనే చిన్నపిట్టకీ వచ్చు. పావురానికి నిలబడే చోటుండాలి. మన పెద్దాళ్లు చూరుకీ, గుడి మండపానికీ వేలాడగట్టింది ఊరికే అనుకున్నావా? గోడకీ గ్రిల్లుకీ రెండడుగుల ఎడంగా, పైకప్పు కొక్కేనికి సన్నతీగతో కట్టు. తాడైతే ఉడత జారి దిగుతుంది. తీగకి కొబ్బరిచిప్ప బోర్లించి గుచ్చితే కొంత ఆగుతుంది. కొంతే! ఉడతంటే మన లెక్కల మాస్టారు, ఏదో దారి తీస్తుంది.

నీకు పంపుతున్న పెట్టెలో రెండు కుచ్చులూ, విడి కంకులూ ఉన్నాయి. మూడోది నువ్వే అల్లు. మందు కొట్టని చేలోవే, గింజ పసుపు తిరగ్గానే కోసినవి. మరీ ఎండితే అల్లుతుండగానే సగం రాలిపోతాయి. ఆకు ఒలిచి, అడుగు పొడవు కాడ ఉంచాం. కాడలకి మాత్రం గంటసేపు తడిగుడ్డ చుట్టు, విరగవు. కంకులు తడిపావో, బూజే. తర్వాత ఐదారు కాడలొక పాయగా మూడు పాయల జడ... మీ అక్కకి వేసేవాడివిగా, ఆ జడ కాదు, బిగుతుగా!

ఇకనించి మంచు పడుతుంది, కుచ్చు కప్పు కిందే ఉండాలి. నల్లబడ్డ కంకి తుంచి పారెయ్.

నూకలు పిడికెడు చాలు, చీకటిపడేలోగా ఎత్తెయ్, లేదంటే ఎలుకలు. మిక్చర్ వద్దు, ఉప్పు. (పెట్టేవుంటావు.) మట్టి మూకుడులో అంగుళం లోతు నీళ్లు, మధ్యలో రాయి. రోజూ తోమి మార్చు. పాతనీళ్ల మీదే పోస్తే పాచి, దాంతో పిట్టలకి రోగాలు.

వారమైనా రాకపోతే కంగారుపడకు. దగ్గర్లో గుబురుందా? పిల్లి కనబడితే దూరడానికి పొద లేనిచోట పిచ్చుక దిగదు. పెద్ద కుండీలో గోరింట పెట్టు. దానికి పురుగులమందు కొట్టకు, గూట్లో పిల్లలకి కావలసింది గింజలు కాదు, ఆ పురుగులే.

గూడుపెట్టె అడిగావు కదూ, కన్నం 32 మిల్లీమీటర్లు, మరీ పెద్దదైతే గోరింకలు దూరతాయి. ఎత్తేమో... అదుగో, ఆటో వచ్చేసింది, పెట్టె కట్టాలి. ముందు ఆ గ్రిల్లు మీది ముడి విప్పు!

నీ
బాబ్జీ