శీనుగాడికి, కార్బైన్ కొనేముందు

ఒరేయ్ శీనూ,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నానురా. నువ్వు పని మీద ఊళ్ళో లేని రోజున రాత్రి రెండింటికి ఎవడో వెనక తలుపు హ్యాండిల్ తిప్పడం, ఇంట్లో లక్ష్మీ పిల్లలూ అత్తయ్యగారూ తప్ప ఎవరూ లేకపోవడం... విన్న దగ్గర్నుంచీ నాకూ సరిగ్గా నిద్ర పట్టట్లేదు. గన్ కొందామనుకుంటున్నా, పిస్తోలా, ఆ 9ఎంఎం కార్బైనా (అంటే పిస్తోలు తూటాలే వాడే పొట్టి రైఫిల్), ఏది తీసుకోమంటావ్ అన్నావు. ఫోన్లో చెప్తే సగం చెవిన పడదు, అందుకే కూర్చుని రాస్తున్నా, తీరిగ్గా చదువు, లక్ష్మిని కూడా చదవమను, ఎందుకంటే నువ్వు టూర్లలో ఉన్నప్పుడు దాన్ని పట్టుకోవాల్సింది తనే.

గన్ కంటే ముందు రెండు పనులు చెయ్యి. అత్తయ్యగారి నగలు, లక్ష్మి పెళ్ళి నగలు అన్నీ బ్యాంకు లాకర్లో పెట్టేయండి, మనవాళ్ళ ఇళ్ళల్లో బంగారం ఉంటుందని దొంగలందరికీ తెలుసు. రెండోది, తలుపు ఫ్రేములో డెడ్‌బోల్ట్ (తాళం గడియ) దిగే చోట ఇనప ప్లేటుకి చాలా ఇళ్ళల్లో ముప్పావు అంగుళం స్క్రూలే ఉంటాయి, అవి తీసి మూడు అంగుళాలవి బిగించు, అప్పుడు లోపలి దుంగలోకి దిగుతాయి, ఒక్క తన్నుకి ఊడి రాదు. పది డాలర్ల పని.

నీకు గ్రీన్ కార్డ్ వచ్చేసింది కాబట్టి కొనుక్కోవచ్చు. షాపులో 4473 అని ఫారం నింపాలి, అందులో నీ ఏలియన్ నంబర్ రాయాలి, వాళ్ళు బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేసి ఇస్తారు. కానీ మీ బామ్మర్ది ఇంకా హెచ్1బీ మీదే ఉన్నాడు కదా, వాణ్ణి మాత్రం సరదాకి కూడా రేంజ్‌కి (గన్ కాల్చడం ప్రాక్టీస్ చేసే చోటికి) తీసుకెళ్ళి చేతికివ్వకు. నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు గన్ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, అవి లేకుండా రేంజ్‌లో అద్దెకి తీసుకున్నా అంతే. ఈ సంగతి తెలియక మనవాళ్ళు ఫొటోలు కూడా పెట్టేస్తున్నారు, చూస్తే నాకు గుండె దడ వస్తుంది, ఇన్నేళ్ళ కష్టం ఒక్క శనివారం సరదాకి పోగొట్టుకుంటామా చెప్పు.

ఇక అసలు విషయం. చిన్నప్పుడు మంత్రులు మన ఊరొస్తే గన్‌మెన్ భుజానికి పొట్టి నల్ల తుపాకీ వేలాడేది గుర్తుందా, దాన్ని చూడ్డానికే మనం పరిగెత్తేవాళ్ళం. ఆ స్టెర్లింగ్ కార్బైన్ కూడా 9ఎంఎంయే. అది ఆటోమేటిక్, ఇక్కడ షాపులో దొరికేది ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్కటే పేలేది. మన దేశంలో 9ఎంఎం ప్రొహిబిటెడ్ బోర్, మామూలు మనిషికి లైసెన్స్ రాదు, ఇక్కడేమో చవగ్గా దొరికే తూటాల్లో అదొకటి.

పిస్తోలు కాకుండా కార్బైన్ ఎందుకంటే, నీకు మా ఇంట్లో జరిగిందే చెప్తా. మా ఆవిడ సుధకి మొదట పిస్తోలే ఇచ్చాను. ఏడు గజాల దూరంలో పేపర్ ప్లేట్ పెడితే పదిలో నాలుగు ప్లేటుకి తగిలాయి, మిగతావి ఎటు పోయాయో తెలీదు, ప్రతి దెబ్బకీ ముందే కళ్ళు మూసుకుంటోంది. తర్వాత రేంజ్ వాళ్ళ దగ్గర కార్బైన్ అద్దెకి తీసుకున్నా. భుజానికి ఆనించి, చెంప వెనక బట్ మీద పెట్టి, ఎడం చేత్తో ముందు పట్టుకుంది, అంటే గన్ ఒంటికి మూడు నాలుగు చోట్ల ఆనుకుని ఉందన్నమాట, ఇంక చెయ్యి వణికినా గొట్టం అంతగా కదలదు. పదికి పది తగిలాయి, ఎనిమిది ఒక టీ సాసర్ అంత జాగాలో. నా వైపు తిరిగిన ఆ మొహం నేను మర్చిపోను. భయపడ్డ మనిషి చేతిలో ఏది కుదురుగా ఉంటుందో అదే మంచి గన్ అని నేను గట్టిగా నమ్మింది ఆ రోజే.

కొనేటప్పుడు చాలా పేర్లు చెప్తారు. కెల్‌టెక్ సబ్ 2000 తేలిక, నాలుగు పౌండ్ల పైచిలుకు, సగానికి మడిచి బ్యాగులో పెట్టేయొచ్చు, గ్లాక్ పిస్తోలు మ్యాగజీన్లు (తూటాలు నింపే పెట్టెలు) పడతాయి. కానీ చెంప పెట్టాల్సిన చోట వెనక బట్ గొట్టమే ఉంటుంది, యాభై రౌండ్లు కాల్చేసరికి చెంప ఎముక మీద టకటకా కొట్టినట్టుంటుంది, లక్ష్మి రెండోసారి ముట్టుకోదు. స్మిత్ అండ్ వెసన్ ఎఫ్‌పీసీ 2023లో వచ్చింది, అది పక్కకి మడుస్తుంది కాబట్టి పైన పెట్టిన రెడ్ డాట్ (గురి చూసుకోవడానికి ఎర్ర చుక్క చూపించే అద్దం) తియ్యక్కర్లేదు, నాకు నచ్చింది. సీజెడ్ స్కార్పియన్ కూడా బావుంటుంది, రేటు ఎక్కువ. హైపాయింట్ చవక, బరువు, పది రౌండ్ల మ్యాగజీన్, డబ్బుకి బాగా ఇబ్బందయితే తప్ప వద్దులే.

నేను కొన్నది రూగర్ పీసీ కార్బైన్. ఆరున్నర పౌండ్ల పైన బరువు, మొయ్యడానికి కొంచెం ఎక్కువే, కానీ ఆ బరువే మేలు చేస్తుంది. ఈ 9ఎంఎం కార్బైన్లలో చాలావాటికి లోపల లాక్ ఏమీ ఉండదురా, బోల్ట్ (తూటా వెనక మూసే ఇనప దిమ్మ) బరువూ స్ప్రింగూ తప్ప పేలుడిని ఆపేది ఇంకేం లేదు, అందుకని అంత చిన్న తూటాకి కూడా అనుకున్నదానికంటే గట్టిగానే తన్నుతుంది. రూగర్ వాడు ఆ బోల్ట్‌లో ఒక టంగ్‌స్టన్ ముక్క అటూ ఇటూ జరిగేట్టు పెట్టాడు, అది ఆ తోపుని కొంత మింగేస్తుంది, భుజానికి దెబ్బలా కాకుండా నెట్టినట్టు తగులుతుంది. మ్యాగజీన్ పెట్టే చోటు మార్చుకోవచ్చు, రూగర్‌వీ పడతాయి గ్లాక్‌వీ పడతాయి. గొట్టం 16 అంగుళాల పైన ఉంది, అంతకంటే తగ్గితే ఫెడరల్ లెక్కలో వేరే రకం అయిపోతుంది, దానికి వేరే కాగితాలు, సొంతంగా గొట్టం కొయ్యడం లాంటివి కల్లో కూడా చెయ్యకు. ఖాళీగా ఉందో లేదో చూసుకుని, బోల్ట్ వెనక్కి లాగి ఆపి, కింద చిన్న మీట నొక్కి ముందు భాగం తిప్పితే రెండు ముక్కలుగా వచ్చేస్తుంది, డైనింగ్ టేబుల్ మీద పాత చీర పరుచుకుని తుడుచుకుంటా.

ఒక్క విషయం మాత్రం నాకెవరూ చెప్పలేదు, నువ్వు తెలుసుకో. రెడ్ డాట్ పెట్టి ఇరవై అయిదు గజాలకి సరి చేశాక, అయిదు గజాల దూరం నుంచి కాల్చి చూశా. ఎర్ర చుక్క సరిగ్గా బొట్టు పెట్టినట్టు గుర్తు మీదే ఉంది, బెజ్జాలు మాత్రం రెండు వేళ్ళ కింద పడ్డాయి. గన్ పాడైందనుకుని కంగారుపడ్డా. కాదు, చూసే చుక్క గొట్టం కంటే పైన ఉంది, అంత దగ్గర్లో తూటా ఇంకా చూపు గీత దాకా ఎక్కలేదు. ఇంట్లో హాల్ పొడుగు ఎంత, అయిదారు గజాలే కదా, అందుకని ఆ దూరంలోనే ఎక్కువ ప్రాక్టీస్ చెయ్యండి.

గోడల సంగతి జాగ్రత్త శీనూ. మన తెనాలి ఇటుక గోడలు కావు ఇవి, కర్రల ఫ్రేముకి రెండు పక్కలా అర అంగుళం షీట్‌రాక్ (జిప్సమ్ పలక), అంతే. 9ఎంఎం ఒక గోడ దాటి రెండోదీ దాటి పిల్లల గదిలోకి పోగలదు. ప్రాక్టీస్‌కి 115 గ్రెయిన్ (తూటా బరువు కొలత) మామూలు తూటాలు చాలు, ఇంటికి మాత్రం హాలో పాయింట్ (ముక్కు దగ్గర గుంట ఉన్న తూటా) పెట్టుకో, అది ఒంట్లో విచ్చుకుని ఆగుతుంది, అయినా గోడని ఆపేది అది కూడా కాదు. పెద్ద రైఫిల్ అయితే ఇంకా దూరం పోతుందనుకుంటాం గానీ ఏఆర్ రకం రైఫిల్ వాడే 223 అనే తేలిక తూటాలు కొన్ని షీట్‌రాక్ తగలగానే తిరగబడి ముక్కలైపోతాయి, చాలాసార్లు 9ఎంఎం కంటే తక్కువే దూరం పోతాయి. కానీ ఇంట్లో ఆ చప్పుడూ మంటా భరించలేం, రౌండు రేటూ దాదాపు రెట్టింపు, పైగా కొన్ని ఇండోర్ రేంజ్‌లలో కాల్చనివ్వరు కూడా. అందుకే నేను 9 దగ్గరే ఆగా. నువ్వు చెయ్యాల్సిందల్లా, ఎక్కడ నిలబడితే వెనకాల ఎవరి గది వస్తుందో ఇప్పుడే, పగలే, ఇల్లంతా తిరిగి చూసుకోవడం. చప్పుడైతే అందరూ పైన మాస్టర్ బెడ్‌రూమ్‌లోకి, తలుపు గడియ, లక్ష్మి మంచం వెనక కూర్చుని 911కి ఫోన్, గన్ తలుపు వైపు. కిందకి వెతకడానికి వెళ్ళొద్దు, టీవీ పోతే ఇంకోటి కొనుక్కుందాం. గన్‌కి లైటు తప్పకుండా పెట్టించు, చీకట్లో కనబడ్డ ఆకారం మంచినీళ్ళకి లేచిన అత్తయ్యగారు కాదని తేలాలంటే అది కావాలి.

సేఫ్ లేకుండా గన్ ఇంటికి తేవద్దు, ఒక్క రాత్రికి కూడా. టెక్సస్‌లో 17 ఏళ్ళలోపు పిల్లలకి లోడ్ చేసిన గన్ అందేట్టు వదిలేసి, అది వాళ్ళ చేతికి చిక్కితే నేరం. అది అటుంచు, మీ చిన్నాడికి ఆరేళ్ళు, వాడికి తెరవని డబ్బా లేదు. గోడ లోపలి కర్రకి బోల్టులు వేసి బిగించిన సేఫ్, బటన్లు నొక్కి తెరిచేది, కోడ్ మీ ఇద్దరికే. లోపల మ్యాగజీన్ పెట్టి, చాంబర్ (పేలబోయే తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉంచుతాం మేము. పక్కనే చెవులు మూసుకునే ఎలక్ట్రానిక్ ఇయర్ మఫ్స్, మూసిన గదిలో ఒక్క దెబ్బకే చెవులు శాశ్వతంగా పోవచ్చు.

షాపుకెళ్ళి వెంటనే కొనెయ్యకు. వచ్చే శనివారం అందరూ మా ఊరు ఫ్రిస్కో వచ్చేయండి, ఇక్కడి రేంజ్‌లో రూగరూ ఎఫ్‌పీసీ రెండూ అద్దెకిస్తారు, రెండు గంటలు లేన్ (నిలబడి కాల్చే వరస) తీసుకుందాం, ముందు లక్ష్మి కాల్చాలి, తనకి ఏది కుదిరితే అదే. పిల్లల్ని అత్తయ్యగారినీ సుధ చూసుకుంటుంది, ఆవిడకి దోసకాయ పప్పు ఇష్టమని గుర్తుంది దానికి. మూసిన బూట్లు, మెడ దాకా ఉన్న టీషర్టు వేసుకు రమ్మను, వేడి ఖాళీ తూటా గొట్టాలు ఎగిరి కాలర్లోంచి లోపల పడితే కాలుతుంది, సుధకి మెడ కింద ఇప్పటికీ మచ్చ ఉంది. శుక్రవారం సాయంత్రంలోపు ఫోన్ చెయ్యి, లేన్లు త్వరగా నిండిపోతాయి.

నీ
ప్రసాద్