మొదటి ముద్ద ఎప్పుడు తిన్నారో రిపోర్టులో ఉండాలి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను ఇరవై ఏళ్లుగా బట్టలు కుడుతున్నాను. నా కొలతల పుస్తకంలో 34 అని వేసి, అది ఛాతీయో నడుమో రాసి లేకపోతే ఆ గుడ్డ మీద కత్తెర పెట్టను. అలాంటిది, తిన్నాక తీసిన షుగర్ పరీక్షలో ఒక్క అంకె చూసి మా ఇంట్లో రెండు రాత్రులు ఎవరికీ నిద్ర లేదు.

మా ఆయనకు ఆరేళ్లుగా షుగర్ ఉంది. ఈమధ్య పరీక్ష చేయిస్తే పరగడుపున 118, తిన్నాక 236 వచ్చింది. 236 పక్కన లావు అక్షరాలతో ‘హై’ అనీ, ఉండాల్సింది 140 లోపు అనీ అచ్చు వేశారు. ఆ రాత్రి నుంచే ఆయన తిండి సగానికి తగ్గించేశారు. ఇకమీదట మాత్రలు రెండేసి వేసుకుంటానంటే బతిమాలి ఆపాను.

డాక్టరు గారు మాత్రం మొదటి ముద్ద ఎన్నింటికి తిన్నారు, రక్తం ఎన్నింటికి తీశారు అని అడిగారు. లెక్క చూస్తే మధ్యలో గంటా పది నిమిషాలే. జనం తక్కువగా ఉన్నారని ల్యాబులో ముందే పిలిచారట. తిన్నాక షుగర్ చాలామందికి గంట, గంటన్నర ప్రాంతంలో బాగా పైకి వెళ్లి, ఆ తర్వాత దిగుతుంది. రిపోర్టులోని హద్దు మొదటి ముద్ద నుంచి రెండు గంటలకు పెట్టినది, దానితో ఆ అంకెను ఎలా పోలుస్తాం? పైగా పరీక్ష కదా అని ఆయన పొద్దుటి మాత్ర మానేసి వెళ్లారు. మందు సరిగ్గా పనిచేస్తోందా లేదా అని చూడటానికే ఆ పరీక్ష. డాక్టరు వద్దంటే తప్ప మాత్ర వేసుకునే వెళ్లాలని మాకు అప్పుడే తెలిసింది.

ఇక ఆ 140 సంగతి. అది షుగర్ లేనివాళ్ల లెక్క. మందులు వాడుతున్న పెద్దవాళ్లలో చాలామందికి తిన్నాక 180 లోపు ఉంటే చాలంటారు. వయసు బాగా పైబడినవాళ్లకు, షుగర్ ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఉన్నవాళ్లకు డాక్టర్లు ఇంకాస్త సడలిస్తారు. గర్భిణులకైతే హద్దు ఇంకా తక్కువ, రెండు గంటలకు 120 లోపు. 200 గానీ అంతకు మించి గానీ వస్తే షుగర్ ఉన్నట్టే అనే మాట కూడా ముఖ్యంగా 75 గ్రాముల గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి చేసే పరీక్షకు సంబంధించినది. రిపోర్టులో మాత్రం అందరికీ ఒకటే గీత.

పదిహేను రోజులాగి, మాత్ర వేసుకుని, రోజూ తినేంతే తిని, మొదటి ముద్ద నుంచి సరిగ్గా రెండు గంటలకు రక్తం ఇస్తే 168 వచ్చింది. మందు మార్చలేదు.

మాది అనవసరపు టెన్షన్‌తో పోయింది. మా ఆడపడుచుది అలా కాదు, అందుకే ఆమె గురించే నాకు ఎక్కువ బాధ. పరీక్ష రోజున భయపడి నాలుగు ముద్దలే తిని, తిన్న మూడు గంటలకు రక్తం ఇచ్చి, 128 వచ్చిందని ఏడాదిపాటు నిశ్చింతగా ఉంది. తర్వాత వేరే పని మీద మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ చేయిస్తే 8.1. 6.5 గానీ అంతకు మించి గానీ వస్తే షుగర్ కింద లెక్క. ఎక్కువ వచ్చిన అంకె మనిషిని డాక్టరు దగ్గరికైనా పంపుతుంది. తప్పుగా తక్కువ వచ్చింది ఇంట్లోనే కూర్చోబెడుతుంది.

ల్యాబులు నడిపేవాళ్లను నేను అడిగేది పెద్ద పనేమీ కాదు. తిన్నాక షుగర్ రిపోర్టులో తినడం మొదలుపెట్టిన సమయం, రక్తం తీసిన సమయం, ఆ రోజు మందు వేసుకున్నారా లేదా అన్నది అచ్చు వేయాలి. రక్తం తీసేవాళ్లు ఆ ముక్క అడిగి రాసుకోవడానికి అర నిమిషం పట్టదు. ఇప్పుడు నేనే ఒక చీటీ మీద ఆ వివరాలు రాసి మా ఆయన రిపోర్టుకు పిన్ను పెడుతున్నాను. రాయడం రానివాళ్లు, తోడు ఎవరూ లేకుండా వెళ్లే ముసలివాళ్లు అది చేసుకోలేరు. మీ ఆరోగ్య పేజీలో ఈ సంగతి ఒకసారి పెద్ద అక్షరాలతో వేయమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక టైలరు