రాత్రి 2 గంటలకు బెల్లు కొడితే ఎవరొస్తారు?

సంపాదకులకు,

వృద్ధాశ్రమాల గురించి వచ్చే కథనాల్లో తోటలు, వరండాలు, నవ్వుతున్న ముఖాలే కనిపిస్తున్నాయి. అమ్మానాన్నలను చేర్చాలనుకునేవాళ్లూ పగటిపూట వెళ్లి, మేనేజరు చూపించిన గదులే చూసి డిపాజిట్ కట్టేస్తున్నారు. చూడాల్సింది రాత్రి ఎలా గడుస్తుందన్నది.

‘సిబ్బంది ఎంతమంది?’ అంటే అన్ని షిఫ్టులూ కలిపి, వంటవాళ్లతో సహా లెక్క చెప్పేస్తారు. ‘రాత్రి 2 గంటలకు ఈ అంతస్తులో మెలకువగా ఉండేదెవరు? వాళ్లు ఎంతమందిని చూసుకోవాలి?’ అని అడగండి. నర్సు అక్కడే ఉండటం వేరు, ఆయా ఉండి నర్సు ఫోన్లో దొరకడం వేరు. ఆ నెల డ్యూటీ చార్టు చూపించమనండి. చెప్పకుండా ఓ ఆదివారం సాయంత్రం వెళ్లి కూర్చోండి. ఏదో గదిలో బెల్లు మోగితే, ఎవరైనా వెళ్లడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో గడియారం చూసుకోండి. ఎవరూ రాకపోతే పెద్దవాళ్లు తామే లేచి బాత్రూముకు బయల్దేరతారు. చీకట్లో, నిద్రమత్తులో పడేది అలాగే.

బాత్రూముకు టేపు పట్టుకెళ్లండి. వీల్‌చైర్ సుమారు 65 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది కాబట్టి తలుపు తీశాక కనీసం 80 సెంటీమీటర్ల దారి ఉండాలి. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకునేదైతే, పడిపోయిన మనిషే తలుపుకు అడ్డమవుతాడు. గోడ కమ్మీని గట్టిగా లాగి చూడండి. చాలాచోట్ల పైపైన స్క్రూలు బిగించి వదిలేస్తారు, బరువు వేస్తే ఊడి వస్తుంది.

మంచానపడ్డవాళ్లను ఎన్ని గంటలకోసారి పక్కకు తిప్పుతారో అడగండి. తమంతట తాము కదలలేనివాళ్లను మామూలుగా 2 గంటలకోసారి తిప్పాలి. మనిషిని బట్టి, పరుపును బట్టి ఇది కొంచెం మారుతుంది. పేర్లు మూసి, ఆ రికార్డు ఒక పేజీ చూపించమనండి. 12, 2, 4 అని ఒకే చేతిరాతలో ఒకే ఊపున రాసి ఉంటే అది తెల్లారాక కూర్చుని నింపినదేమోనని అనుమానించాల్సిందే. నడుము కింద, మడమల మీద ఎర్రబడిన చోటు వేలితో నొక్కినా తెల్లబడకపోతే, కదలకుండా ఒకేలా పడుకోవడం వల్ల వచ్చే పుండు మొదలైనట్టే.

మందుల్లో పొరపాట్లు ఎక్కువగా జరిగేది మనిషి ఒకచోటు నుంచి ఇంకోచోటుకు మారినప్పుడే. కంటి చుక్కలు, సొంతంగా కొనుక్కునే మాత్రలతో సహా జాబితా రాసి, చివరి డోసు ఏ వేళ వేశారో కూడా పక్కనే రాసివ్వండి. ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో ఉందేమో డాక్టరుతో సరిచూయించండి. మింగలేనివాళ్లకు మాత్రలు నూరి ఇస్తారా అనీ అడగాలి. నెమ్మదిగా కరిగే రకం మాత్ర నూరితే డోసంతా ఒక్కసారే ఒంట్లోకి వెళ్తుంది.

ఒప్పందంలో చాలామంది అద్దె అంకె దగ్గరే ఆగిపోతారు. అమ్మ ఈరోజు నడుస్తోంది. నడవలేని రోజున, మతిమరుపుతో బయటికి వెళ్లిపోయే రోజున అక్కడే ఉంచుకుంటారా, తీసుకెళ్లమంటారా? ఆసుపత్రిలో ఉన్న రోజులకు గది అద్దె పడుతుందా? సాయం పెరిగితే రుసుము ఎంత పెరుగుతుంది? డిపాజిట్ ఎన్ని రోజుల్లో, ఏ కోతలతో తిరిగొస్తుంది? ‘అవసరాన్ని బట్టి’ అన్న మాటను దాటనివ్వకండి, అంకె వేయించండి. రాసివ్వడానికి వెనకాడితే వేరేచోటు వెతుక్కోవడమే మేలు.

ఇల్లు ఖాళీ చేయకముందే ఓ నెల ఉంచి చూడటం మంచిది, అదీ వెళ్లే మనిషి ఒప్పుకుంటేనే. చేర్చిన రోజు బరువు తూయించి, నెలకోసారి రాయించండి. మొదట్లో దిగులు చాలామందికి ఉండేదే. కానీ 60 కిలోల మనిషి నెలలో 3 కిలోలు తగ్గితే దాన్ని దిగులని సరిపెట్టుకోకూడదు. పళ్లసెట్టు సరిపోవడం లేదా, తినిపించేవాళ్లు లేరా, మింగడం కష్టమవుతోందా అని ఆ వారమే డాక్టరుకు చూపించాలి.

— వృద్ధుల సంరక్షణలో పనిచేసే ఒక నర్సు