వాగ్దాన కార్డుతో ఆగిపోకూడదు

సంపాదకులకు నమస్కారములు.

డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో, ఒక బైబిలు వచనం అచ్చువేసిన వాగ్దాన కార్డు తీసుకోవడం మన తెలుగు క్రైస్తవ సంఘాల్లో చాలాచోట్ల ఆనవాయితీ. పళ్లెంలో బోర్లించిన కార్డుల్లోంచి ప్రార్థనతో ఒకటి తీసి, కళ్లకద్దుకుని, తెల్లవారేసరికి వాట్సాప్ స్టేటస్‌గా పెట్టుకునే విశ్వాసుల భక్తిని నేను తక్కువ చేయడం లేదు. అయితే ఆ ఒక్క వచనంతోనే ఏడాదంతా గడిపేసేవారు పెరుగుతున్నారు. ఓదార్చే మాటను దాచుకుని, మనలను కడిగే మాటను చదవకుండా వదిలేస్తున్నామన్నదే నా ఆవేదన.

ఆ కార్డుల మీద తరచుగా కనిపించే యిర్మీయా ప్రవక్త గ్రంథం 29:11నే తీసుకుందాం. 'నేను మిమ్మును గూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును' అన్న ఆ మాట, బబులోనుకు చెరపట్టబడిన వారికి యెరూషలేము నుంచి ప్రవక్త రాసి పంపిన ఉత్తరంలోనిది. దానికి ముందున్న వచనంలోనే విడుదలకు 70 సంవత్సరాలు పడుతుందని ఉంది. అంటే ఆ ఉత్తరం అందుకున్న పెద్దవారిలో చాలామంది తిరుగు ప్రయాణం చూడలేరు. అంతకుముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలోనే అంతా చక్కబడుతుందని ప్రజలకు నచ్చే మాట చెప్పి, వారిచేత అబద్ధాన్ని నమ్మించాడు. ఈ రెండు అధ్యాయాలనూ కలిపి చదివినవారికి దేవుని ఆదరణతోపాటు తమ తొందరపాటూ, ఇష్టమైన ప్రవచనం కోసం వెతుక్కునే తమ బలహీనతా కనబడతాయి. శుద్ధి అక్కడే మొదలవుతుంది.

'యౌవనస్థులు దేనిచేత తమ నడత శుద్ధిపరచుకొందురు?' అని అడిగిన 119వ కీర్తన, వాక్యాన్నిబట్టి నడతను జాగ్రత్తగా చూసుకోవడం చేతనే అని వెంటనే జవాబిస్తుంది. వాక్యముతో ఉదకస్నానము (నీటితో కడగడం) గురించి ఎఫెసీయులకు రాసిన పత్రిక చెప్పేదీ ఇదే. ఈ కడగడం సుఖంగా ఉంటుందని లేఖనం ఎక్కడా చెప్పలేదు. దావీదు రాజు పాపాన్ని ఎత్తిచూపుతూ నాతాను ప్రవక్త ఎదుట నిలబడి 'ఆ మనుష్యుడవు నీవే' అన్న తరువాతనే ఆ రాజు నోట పశ్చాత్తాపంతో 51వ కీర్తన వచ్చింది. మన అప్పుల ఎగవేతను, కట్నం బేరాలను, సంఘంలో ఇంకా పాటిస్తున్న కుల భేదాన్ని అలా వేలెత్తి చూపే వచనాలను ఏ కార్డు మీదా అచ్చువేయం.

ఈ విషయంలో మన ప్రాంత చరిత్ర కూడా గుర్తుచేసుకోదగినది. 1876-78 నాటి కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని పేదలకు పని కల్పించారు. ఆ పనివారికి బోధకులు విరామ వేళల్లో వాక్యం వినిపించారు. తిండి కోసం ఎవరూ మతంలోకి రాకూడదని క్లౌ కరవు రోజుల్లో బాప్తిస్మాలు ఆపివేశారు. ఆ తరువాతనే, 1878 జూలై 3న, గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీటిలోకి దిగడానికి ముందే వాక్యం విన్న తరమది. నీటిలోంచి వచ్చాక వాక్యాన్ని మూసిపెట్టే తరంగా మనం మిగలడం నాకు బాధగా ఉంది.

కాపరులకు నా మనవి: ఈ ఏడాది కార్డుతోపాటు ఒక పఠన పట్టికను కూడా చేతికివ్వండి. కొత్త నిబంధనలో ఉన్నవి 260 అధ్యాయాలు. వారంలో ఐదు రోజులు, రోజుకొక అధ్యాయం చొప్పున చదివినా ఏడాదిలో పూర్తవుతుంది. చదువురాని పెద్దలకు ఇంట్లోని పిల్లలు చదివి వినిపించవచ్చు. మీ పత్రిక భక్తి పేజీలో కూడా ఒక్క వచనంతో సరిపెట్టకుండా, దానికి ముందూ వెనుకా ఉన్న కొన్ని వచనాలను కలిపి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక సంఘ పెద్ద,
ప్రకాశం జిల్లా