కేంద్ర విద్యాశాఖ మంత్రి గారికి: నాలుగో కౌన్సిల్ ఏమైంది?

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

యూనివర్సిటీలకు ప్రమాణాలు చెప్పి గ్రాంట్లు ఇచ్చే యూజీసీని రద్దు చేసే బిల్లు జాయింట్ పార్లమెంటరీ కమిటీకి వెళ్లింది కాబట్టి ఇప్పుడైనా నాలుగు మాటలు చెప్పుకుందామని రాస్తున్నాను. మామూలు అర్జీలు పెట్టే ఓపిక అయిపోయింది. మా యూనివర్సిటీలో ఇచ్చినవాటి మీద "ఫార్వర్డెడ్" అని సంతకాలైతే పడ్డాయి, ఎక్కడికి ఫార్వర్డ్ అయ్యాయో మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే ఈసారి నలుగురికీ కనబడేలా రాస్తున్నాను.

నేను ఒక రాష్ట్ర యూనివర్సిటీ కాలేజీలో గెస్ట్ ఫ్యాకల్టీని, అంటే క్లాసుల లెక్కన డబ్బు తీసుకునే తాత్కాలిక టీచర్ని. లెక్చరర్ అర్హత పరీక్ష నెట్ ఉంది, పీహెచ్‌డీ ఉంది. యూజీసీ పోతోందంటే కన్నీళ్లు పెట్టుకునేవాళ్లలో నేను లేను. ఆ సంస్థ కాగితాలు బాగానే రాసేది, వాటిని అమలు చేయించడమే చేతకాలేదు. 2018 రెగ్యులేషన్లలో కాంట్రాక్టు అధ్యాపకులు మొత్తం పోస్టుల్లో 10 శాతం మించకూడదని, వాళ్ల జీతం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ జీతానికి తగ్గకూడదని రాసింది. 2019 జనవరిలో గెస్ట్ ఫ్యాకల్టీకి క్లాసుకు 1500 రూపాయలు, నెలకు 50 వేలు మించకుండా ఇవ్వాలంది. 2025 జనవరి ముసాయిదాకి వచ్చేసరికి ఆ 10 శాతం పరిమితినే ఎత్తేశారు. మా డిపార్ట్‌మెంట్‌లో రెగ్యులర్ వాళ్లు ఇద్దరే, మిగతా అందరం గెస్టులమే. మాకు వచ్చేది ఆ 1500లో సగం కూడా కాదు. అడిగితే వచ్చే జవాబు ఒకటే: "చెప్పింది యూజీసీ, డబ్బు ఇచ్చేది వాళ్లు కాదు కదా."

గెస్ట్ బతుకు ఎలా ఉంటుందో కాస్త వినండి సార్. క్లాసు చెబితేనే డబ్బు. దసరా, సంక్రాంతి సెలవులకు లేదు, పరీక్షల రోజులకు లేదు, ఎండాకాలం అసలే లేదు. అడ్మిషన్ల డ్యూటీ, ప్రాజెక్టు రిపోర్టులు దిద్దడం, ఫ్రెషర్స్ డేకి మైకు పట్టుకోవడం మాత్రం "మీరు యంగ్‌స్టర్స్ కదా" అంటూ మాకే. నెలాఖరుకు క్లెయిమ్ బిల్లు పెట్టాలి. హెచ్‌ఓడీ సంతకం, ప్రిన్సిపల్ సంతకం, ఆ తర్వాత ఫైనాన్స్ సెక్షన్. అక్కడ బడ్జెట్ లేదంటారు. బడ్జెట్ ఉన్న నెలలో, టైమ్‌టేబుల్‌కీ బిల్లుకీ ఒక క్లాసు తేడా వచ్చిందని మొత్తం వెనక్కి పంపుతారు. ఏటా మళ్లీ ఇంటర్వ్యూ, మళ్లీ అవే సర్టిఫికెట్ల జిరాక్సులు, రెగ్యులరైజ్ చేయమని అడగనని బాండ్ పేపర్ మీద సంతకం. ఇంట్లో పిల్లల ఫీజు కట్టే తేదీ వస్తే టెన్షన్. కాలేజీలకు గ్రేడ్లు ఇచ్చే నాక్ టీమ్ వచ్చే ముందు మాత్రం ఎక్కడలేని విలువ పెరుగుతుంది మాకు. రాత్రిళ్లు కూర్చుని ఫైళ్లన్నీ తయారుచేసేది మేమే. టీమ్ వచ్చిన రోజు ఆ ఫైళ్లు ముందు టేబుల్ మీద ఉంటాయి, మేము వెనక వరసలో ఉంటాం.

ఇక మీ బిల్లు సంగతి. 2020 జాతీయ విద్యా విధానంలో నాలుగు విభాగాలు అన్నారు. నియంత్రణకు ఒకటి, అక్రిడిటేషన్‌కు (నాణ్యత చూసి గుర్తింపు ఇవ్వడానికి) ఒకటి, ప్రమాణాలకు ఒకటి, నిధులకు ఒకటి. 2025 డిసెంబర్‌లో లోక్‌సభకు వచ్చిన బిల్లులో కౌన్సిళ్లు మూడే ఉన్నాయి. డబ్బు చూసే నాలుగోది ఏమైందండీ? గ్రాంట్ల విషయం మంత్రిత్వ శాఖే చూసుకుంటుందట. యూజీసీని పెట్టిన 1956 చట్టం కింద ప్రమాణాలు చెప్పేవాళ్ల చేతిలోనే ఎంతోకొంత డబ్బు కూడా ఉండేది కాబట్టి యూనివర్సిటీలు వాళ్ల మాటకు కాస్తయినా జంకేవి. ఇకమీదట ప్రమాణాలు చెప్పేది ఒకరు, జరిమానా వేసేది ఇంకొకరు, డబ్బు మీ దగ్గర. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది. జరిమానాలు 10 లక్షల నుంచి మొదలట. అది కట్టాల్సి వస్తే మా యూనివర్సిటీ ముందు ఎవరి బిల్లులో కోత పెడుతుందో కనిపెట్టడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు.

ఇది కొత్తగా పుట్టిన భయం కూడా కాదు. 2018లో యూజీసీని రద్దు చేయాలని ఇదే ప్రయత్నం చేసినప్పుడు జూన్ 27న ముసాయిదా పెట్టి, జూలై 7 లోపు అభిప్రాయాలు చెప్పమన్నారు. గోల అయ్యాక 20 వరకు పొడిగించారు. నిధుల అధికారం మంత్రిత్వ శాఖ చేతికి పోతుందనే కదా అప్పుడు అంతమంది మొత్తుకున్నది? ఏడేళ్లు ఆలోచించి మళ్లీ అదే తెచ్చారు. యూజీసీ, సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ, టీచర్ల శిక్షణను చూసే ఎన్‌సీటీఈ మూడూ పోయి ఒకే గొడుగు వస్తే మంచిదే కావచ్చు, నేను కాదనను. ఆ గొడుగు కింద మాకు చోటు ఉందా అన్నదే నా బాధ.

ఏం కావాలంటారా? మీరు చెప్పిన నాలుగో కౌన్సిల్ పెట్టండి. పెట్టకపోతే, గెస్ట్ ఫ్యాకల్టీ జీతం ఎవరివ్వాలో బిల్లులోనే రాయండి. కేంద్రమా, రాష్ట్రమా, చెరిసగమా, ఏదో ఒకటి రాయండి. జరిమానాలంటూ వేస్తే, ఖాళీ పోస్టులు నింపకుండా గెస్టులతో ఏళ్లకేళ్లు నెట్టుకొచ్చేవాళ్ల మీద వేయండి. అదీ కుదరదంటే, ఆ 1500 రూపాయల కాగితానికి కొత్త చట్టం కింద దిక్కెవరో అయినా చెప్పండి. ఉన్న సంస్థ కాగితం చూపిస్తేనే నవ్వే ఫైనాన్స్ సెక్షన్, రద్దయిన సంస్థ కాగితం చూపిస్తే ఏమంటుందో మీరే ఆలోచించండి. జీతం ఎవరివ్వాలో రాయండి సార్, మిగతావి తర్వాత చూసుకుందాం.

కమిటీ ముందుకు వీసీలు వస్తారు, నిపుణులు వస్తారు. మాలాంటి వాళ్లనూ ఒకసారి పిలవమని చెప్పండి. ఆ రోజు క్లాసు పోతుంది, ఆ క్లాసు డబ్బూ పోతుంది. అయినా వస్తాం.

ఇట్లు,
ఒక గెస్ట్ ఫ్యాకల్టీ